ప్రభుత్వం మారింది, లంక రూపాయల్లో ఉన్న నా పొదుపు సంగతేంటి?

ప్రశ్న: మాది తెనాలి. 2019 నుంచి కొలంబో దగ్గర బియగమలో ఒక దుస్తుల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మేనేజర్‌గా చేస్తున్నాను. జీతం అన్నీ పోను నెలకు ఐదున్నర లక్షల లంక రూపాయలు. నా ఖర్చు రెండు లక్షలు, ఇంటికి లక్షన్నర పంపుతాను, మిగతా రెండు లక్షలు ఇక్కడే దాస్తాను. ఒకే బ్యాంకులో 20 లక్షల చొప్పున మూడు ఎఫ్‌డీలు ఉన్నాయి, వడ్డీ 8 శాతం. ఒకటి వచ్చే నెల, రెండోది ఐదు నెలలకు, మూడోది తొమ్మిది నెలలకు మెచ్యూర్ అవుతాయి. భార్య, కూతురు విజయవాడలో ఉంటారు. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. తెనాలి ఇంటి మీద 9 లక్షల లోన్ ఉంది, వడ్డీ 8.7 శాతం. ఇక్కడ వామపక్ష ప్రభుత్వం వచ్చినప్పటి నుంచి మా బావమరిది డబ్బంతా వెంటనే తెచ్చేయమని రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఇక్కడి స్నేహితులేమో భయం లేదు, ఇంకో ఏడాది ఉంచమంటున్నారు. 2022 చూసినవాణ్ణి కాబట్టి టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావమరిది గారిది మీ మీద ప్రేమతో వచ్చిన కంగారు. మీ స్నేహితులు చెప్పేదాంట్లోనూ కొంత నిజముంది. కానీ ఇద్దరూ ఎవరు గెలిచారన్న దాన్ని బట్టే మీ డబ్బు సంగతి తేలుస్తున్నారు. నేను మిమ్మల్ని అడిగేది వేరు: ఈ డబ్బు రేపు ఖర్చయ్యేది ఎక్కడ? అమ్మాయి ఫీజు విజయవాడలో, లోన్ తెనాలిలో. అంటే మీకు కావాల్సింది మన రూపాయలు. కాబట్టి అక్కడ ఎవరు అధ్యక్షుడైనా, ఆ అవసరాలకు తగిన డబ్బు మన రూపాయల్లోకి రావాల్సిందే. ఒక్కసారిగా కాకుండా, ఒక్కో ఎఫ్‌డీ మెచ్యూర్ అయినప్పుడల్లా తెచ్చుకోండి.

ముందు ఎన్నికల సంగతి చూద్దాం, మీ భయం మొదలైంది అక్కడే కాబట్టి. ఆ వామపక్ష నాయకుడు అనుర కుమార దిసనాయకే 2019లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తే 3 శాతం పైచిలుకు ఓట్లే వచ్చాయి. 2024 సెప్టెంబర్ 21న మొదటి లెక్కింపులోనే 42 శాతం దాటాయి. అక్కడి బ్యాలెట్‌లో ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యం వేయవచ్చు. ఎవరికీ సగం దాటకపోతే రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడతారు. లంక అధ్యక్ష ఎన్నికల చరిత్రలో మొదటిసారి ఆ అవసరం పడింది, చివరికి ఆయన 55.89 శాతంతో గెలిచారు. నవంబర్ 14న జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో ఆయన కూటమికి 225లో 159 సీట్లు వచ్చాయి. ఆయన పార్టీ జేవీపీకి 1971లో, 1987-89లో సాయుధ తిరుగుబాట్లు చేసిన గతం ఉంది. కాబట్టి బయటివాళ్లు భయపడటంలో వింత లేదు.

కానీ ఆ ఓటు వేయించింది సిద్ధాంతం కంటే వంటింటి ఖర్చు. 2022లో మీరు అక్కడే ఉన్నారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. రోజుకు 13 గంటల దాకా కరెంటు కోతలు. క్యూఆర్ కోడ్ చూపిస్తేనే పెట్రోలు, అదీ బైకుకు వారానికి 4 లీటర్లు, ఆటోకు 5, కారుకు 20. గ్యాస్ సిలిండర్ కోసం రోడ్ల మీద బారులు. ఏప్రిల్ 12న విదేశీ అప్పు కట్టలేమని ప్రభుత్వం చేతులెత్తేసింది. జులైలో అప్పటి అధ్యక్షుడు గొటబయ రాజపక్స దేశం విడిచి వెళ్లిపోయారు. తర్వాత వచ్చిన రణిల్ విక్రమసింఘే ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి)తో సుమారు 300 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిర్చి బండిని రోడ్డెక్కించారు. సెప్టెంబర్ 2022లో 70 శాతం దగ్గరున్న ద్రవ్యోల్బణం, 2024 ఎన్నికలకు ముందు నెలలో అర శాతానికి దిగింది. అయినా ఆయనకు మూడో స్థానమే దక్కింది.

చాలామంది తడబడేది ఇక్కడే. ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గాయని కాదు, పెరగడం ఆగిందని మాత్రమే. 100 రూపాయల సరుకు 170 అయ్యాక అక్కడే నిలబడినా ద్రవ్యోల్బణం సున్నా అనే చూపిస్తుంది. జీతం మాత్రం 100 దగ్గరే ఉన్నవాడికి ఆ సున్నాతో ఒరిగేదేముంది? దాని మీద కరెంటు చార్జీలు 2022 ఆగస్టులో సగటున 75 శాతం, 2023 ఫిబ్రవరిలో మరో 66 శాతం పెంచారు. 2024 జనవరి నుంచి వ్యాట్ 18 శాతం చేశారు. లెక్కల్లో దేశం కోలుకుంది, ఇళ్లు కోలుకోలేదు. జనం ఆ కోపంతోనే ఓటేశారు. వాళ్లను తప్పు పట్టడానికి నాకు మనసు రాదు.

మరి గెలిచినాయన ఏం చేశారు? ఐఎంఎఫ్ షరతులు మారుస్తామని ప్రచారంలో చెప్పారు గానీ, గెలిచాక ఆ కార్యక్రమాన్ని కొనసాగించారు. ఎన్నికలకు రెండు రోజుల ముందు పాత ప్రభుత్వం విదేశీ బాండ్ల యజమానులతో ఒక అవగాహనకు వచ్చింది. కొత్త ప్రభుత్వం దాన్నే ఒప్పుకొని డిసెంబరులో పాత బాండ్లకు బదులు కొత్తవి ఇచ్చే పని పూర్తి చేసింది. ఖజానాలో డాలర్లు లేని దేశంలో ఎవరు గెలిచినా నడవడానికి ఉన్న దారి ఇరుకు. 1991లో మనమూ ఇదే చూశాం. బంగారం కుదువ పెట్టడం చంద్రశేఖర్ ప్రభుత్వం ఉండగానే మొదలైంది. జూన్ 21న పీవీ ప్రమాణం చేశారు, జులై మొదటి వారంలోనే రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించారు. అందుకే, ప్రభుత్వం మారిందన్న ఒక్క కారణంతో ఎఫ్‌డీలు మధ్యలో రద్దు చేసుకొని వడ్డీ పోగొట్టుకోవద్దు.

ఇక మీ డబ్బుకు అసలు ప్రమాదం ఎక్కడుందో లెక్క వేసి చూపిస్తాను. 2021 సెప్టెంబర్ నుంచి 2022 మార్చి మొదటి వారం దాకా అక్కడి కేంద్ర బ్యాంకు డాలరును 200 రూపాయల దగ్గర బలవంతంగా పట్టి ఉంచింది. వదిలేశాక మే నెలకల్లా అది 360 దాకా పోయింది. మన లెక్కలో చెప్పాలంటే, ఫిబ్రవరిలో 10 లక్షల లంక రూపాయలు మన మూడు లక్షల డెబ్బై ఐదు వేలకు దగ్గర. మేలో అవే 10 లక్షలు రెండు లక్షల పదిహేను వేలు. ఆ మూడు నెలల్లో ఏ బ్యాంకూ మునగలేదు, ఎవరి ఎఫ్‌డీలోనూ ఒక్క రూపాయి తగ్గలేదు. అయినా లక్షా అరవై వేలు మాయమయ్యాయి.

మీ స్నేహితుల మాట కూడా లెక్క కడదాం. 2022 ఏప్రిల్‌లో కేంద్ర బ్యాంకు వడ్డీ రేటును ఒకేసారి 7 శాతం పాయింట్లు పెంచింది, ఏడాది చివరికి ట్రెజరీ బిల్లుల (ప్రభుత్వం కొద్ది నెలలకు తీసుకునే అప్పుల) మీద వడ్డీ 30 శాతం దగ్గరకు వెళ్లింది. మీరు ఆ 10 లక్షలు కదపకుండా 2022 మధ్యలో 20 శాతానికి ఏడాది ఎఫ్‌డీ వేశారనుకుందాం. 2023 మధ్యకు 12 లక్షలు అయ్యేవి, లంక రూపాయి కూడా కొంత కోలుకుంది, మన రూపాయల్లో మూడు లక్షల ఇరవై వేల చుట్టుపక్కల వచ్చేవి. భయపడి మేలో తెచ్చుకున్నవాళ్ల కంటే ఇది చాలా మెరుగు. అయినా అంత వడ్డీ తిన్నాక కూడా ఫిబ్రవరి విలువ వెనక్కి రాలేదు చూడండి.

అప్పుడు ఆ రిస్కుకు 20 శాతం జీతం ఇచ్చారు. ఇప్పుడు మీకొస్తున్నది 8. దాంట్లోంచి 2025 ఏప్రిల్ నుంచి వడ్డీ మీద 10 శాతం పన్ను కోస్తున్నారు, చేతికి 7.2. ఇక్కడ ఇండియాలో ఎన్‌ఆర్‌ఈ (విదేశీ సంపాదన దాచుకునే ఎన్‌ఆర్‌ఐ ఖాతా) ఎఫ్‌డీలో ఆరున్నర చుట్టుపక్కల వస్తుంది, మీరు ఎన్‌ఆర్‌ఐగా ఉన్నంతకాలం దాని మీద మన దేశంలో పన్ను లేదు. తేడా ఒక శాతం కూడా లేదు. మన రూపాయితో పోలిస్తే లంక రూపాయి ఏడాదిలో ఒక్క శాతం జారినా ఆ లాభం సఫా. అంత చిన్న మొత్తం కోసం అమ్మాయి ఫీజు డబ్బును ఆ రిస్కులో పెట్టమని నేను చెప్పలేను.

ఇంకో మాట. 60 లక్షలూ ఒకే బ్యాంకులో ఉండటం నాకు నచ్చలేదు. అక్కడ డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 11 లక్షల వరకే.

ఇప్పుడు చేయాల్సింది. ముందు మీ ఇండియా ఖాతా ఏదో చూడండి. పాత సేవింగ్స్ ఖాతానే వాడుతుంటే దాన్ని ఎన్‌ఆర్‌ఓ (ఎన్‌ఆర్‌ఐల ఇండియా ఆదాయానికి ఉండే ఖాతా)గా మార్పించి, విడిగా ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవండి. మీరు పంపే డబ్బంతా ఎన్‌ఆర్‌ఈలోకే రావాలి. ఫ్యాక్టరీ హెచ్‌ఆర్‌ని అడిగి జీతం మీద కోసిన పన్నుకు ఇచ్చే టీ-10 సర్టిఫికెట్లు ఇప్పుడే తీసుకోండి, పెద్ద మొత్తం పంపేటప్పుడు బ్యాంకువాళ్లు ఆదాయ ఆధారం అడుగుతారు. వాళ్లకు కావాల్సిన మిగతా కాగితాలేమిటో మెచ్యూరిటీకి మూడు వారాల ముందే కనుక్కోండి.

వచ్చే నెల మెచ్యూర్ అయ్యే 20 లక్షలు పూర్తిగా తెచ్చేయండి. ఈ మధ్య రేటులో సుమారు ఐదు లక్షల ఎనభై వేలు వస్తాయి. ఇది అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు. ఒకే ఎఫ్‌డీగా కాకుండా, ఒక భాగం రెండేళ్లకు, ఇంకో భాగం మూడేళ్లకు వేస్తే చేరిన ఏడాది, ఆ మరుసటి ఏడాది ఫీజు కట్టే నాటికి చేతికొస్తాయి. ఏడాది లోపు తీస్తే ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీకి వడ్డీ ఉండదు, అది గుర్తుంచుకోండి. రెండో 20 లక్షలు వచ్చాక సగం మూడో, నాలుగో ఏడాది ఫీజుకు, సగం లోన్‌కు. మీది ఫ్లోటింగ్ రేటు లోన్ అయితే ముందే కట్టినందుకు పెనాల్టీ వేయకూడదు. 8.7 శాతం లోన్ తీర్చడం ఆరున్నర శాతం ఎఫ్‌డీ కంటే లాభమే. మరి మొత్తం లోన్‌కే ఎందుకు కట్టకూడదు అంటారేమో. లోన్‌కు కట్టిన డబ్బు మళ్లీ చేతికి రాదు, కాలేజీ ఫీజుకు మాత్రం ఆ రోజు డబ్బే కావాలి. మూడో ఎఫ్‌డీ నుంచి 8 లక్షలు లోన్‌కు పంపి, 12 లక్షలు అక్కడే రెండు బ్యాంకుల్లో ఉంచుకోండి. అది మీ ఆరు నెలల ఖర్చు. మీరు బతికేది లంక రూపాయల్లో కాబట్టి ఆ మేరకు అక్కడ ఉండాల్సిందే. మొత్తం తెచ్చేస్తే, రేపు ఉద్యోగంలో తేడా వచ్చినప్పుడు ఇక్కడి నుంచి తిరిగి పంపించుకోవాల్సి వస్తుంది.

నెలనెలా మిగిలే రెండు లక్షలు ఇకపై అక్కడ పోగేయకండి. జీతం పడిన వారంలోనే ఇంటి ఖర్చుతోపాటు పంపేయండి. మన రూపాయల్లో అది యాభై ఎనిమిది వేల దాకా అవుతుంది. ఏడాదంతా పంపుతారు కాబట్టి ఒక నెల రేటు తక్కువున్నా ఇంకో నెల సర్దుకుంటుంది, రోజూ రేటు చూసుకుంటూ నిద్ర పాడుచేసుకునే అవసరం ఉండదు.

రేటు రెండు రూపాయలు ఎక్కువిస్తామని ఉండియల్ (బ్యాంకు బయట డబ్బు పంపే హవాలా) వాళ్లు అడుగుతారు. 2022లో అధికారిక రేటుకూ బయటి రేటుకూ తేడా ఉన్నప్పుడు చాలామంది అలా పంపారు. ఆ దారిలో వచ్చిన డబ్బు ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో వేయలేరు, ఎక్కడిదని అడిగితే చూపడానికి కాగితం ఉండదు, పైగా అది విదేశీ మారకపు చట్టం ఫెమాను ఉల్లంఘించడమే. ఒక్క రూపాయి కూడా అలా పంపొద్దు.

అక్కడి ఈపీఎఫ్ గురించి మీరు రాయలేదు. మీ జీతం నుంచి 8 శాతం, కంపెనీ నుంచి 12 శాతం అందులో పడుతుండాలి. 2023 జూన్ చివర్లో ప్రభుత్వం దేశంలోని అప్పులు సర్దుబాటు చేయడానికి ఐదు రోజులు బ్యాంకులు మూసినప్పుడు ఎఫ్‌డీలు పోతాయని అందరూ భయపడ్డారు, తీరా డిపాజిట్ల జోలికి పోలేదు. భారం ఈపీఎఫ్ మీద పడింది. దాని దగ్గరున్న ప్రభుత్వ బాండ్లు మార్చుకుని, 2025 వరకు 12 శాతం, ఆ తర్వాత 9 శాతం ఇచ్చే కొత్త బాండ్లు తీసుకోవాల్సి వచ్చింది. ఎన్నికల మాటెలా ఉన్నా, ఇలాంటి నిర్ణయాలు ఎప్పుడైనా రావచ్చు. ఉద్యోగం మానేసి వచ్చేటప్పుడు ఆ డబ్బు తీసుకునే నిబంధనలు కార్మిక శాఖలో రాతపూర్వకంగా తెలుసుకోండి, అమ్మాయి చదువు లెక్కలో మాత్రం దాన్ని కలపకండి.

బావమరిది గారికి ఈ మూడు తేదీలు రాసి పంపండి. మొదటి ఎఫ్‌డీ ఆటో రెన్యువల్‌లో ఉందేమో ఈ వారమే బ్యాంకుకు వెళ్లి చూసుకోండి. ఉంటే తీయించేయండి, లేకపోతే ఆ 20 లక్షలు ఇంకో ఏడాది అక్కడే ఇరుక్కుపోతాయి.