నక్క కరిచిన కుక్కకు పది రోజుల లెక్క పనికిరాదు

ప్రశ్న: మాది శ్రీ సత్యసాయి జిల్లా, కదిరి దగ్గర పల్లె. శెనక్కాయ పీకి చేలోనే వామి వేసినాం. ఎనుముల్ని కూడా అక్కడే కొట్టంలో కట్టేస్తున్నాం. కార్తీక పౌర్ణమి మరుసటి రోజు పొద్దున తొమ్మిది గంటలప్పుడు ఒక నక్క గట్టు దిగి నేరుగా కొట్టం దగ్గరికే వచ్చింది. అదిలించినా, రాయి విసిరినా బెదరలేదు. మా కుక్క కర్రోడు దాని మీద పడి కొట్లాడినాడు. మూతి మీద, ముందరి కాలి మీద నక్క కరిచింది. నక్క కాసేపటికి గట్టు కింద పడి చచ్చిపోతే గుంత తీసి పూడ్చినాం. కర్రోడి గాయాలకు మా ఇంటావిడ పసుపు, సున్నం పెట్టింది. ఎనిమిదేళ్ల మా చిన్నోడు వాణ్ని పట్టుకొని రక్తం కడిగినాడు. మా పడ్డ (ఇంకా ఈనని చిన్న గేదె) ముక్కు మీద కూడా చిన్న గీత కనిపిస్తోంది, నక్క వల్లనో తాడు వల్లనో తెలియదు. కర్రోడికి చిన్నప్పుడు ఒక సూది వేయించినాం. ఇప్పుడు బాగా తింటున్నాడు, నీళ్లు తాగుతున్నాడు. పది రోజులు కట్టేసి చూస్తే చాలని ఊళ్లో అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ సందేశం నాకు నాలుగో రోజు చేరింది. చూసిన వెంటనే ఫోన్ చేసి ముఖ్యమైనవి చెప్పాను. ఆ సాయంత్రమే బాబుకు మొదటి రేబిస్ సూది వేయించారని, మర్నాడు కర్రోడిని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లారని తెలిశాక మనసు కుదుటపడింది. ఇలాంటి ప్రశ్న మీ ఒక్కరిదే కాదు. చేలో కాపురం, చేలో కుక్క, పక్కనే గుట్ట ఉన్న ప్రతి రైతుకూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. అందుకే అందరికీ పనికొచ్చేలా వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ పది రోజుల సంగతి. ఆ లెక్క అబద్ధం కాదు, కానీ మీకు వర్తించదు. పది రోజులు చూడమనేది మనిషిని కరిచిన కుక్క గురించి. కుక్క చొంగలో రేబిస్ వైరస్ ఉందంటే అప్పటికే అది మెదడుకు చేరి, అక్కడి నుంచి లాలాజల గ్రంథుల్లోకి దిగిందని అర్థం. అలాంటి కుక్క ఎక్కువ రోజులు బతకదు. కరిచిన పది రోజులకు కూడా అది ఆరోగ్యంగా ఉంటే, కరిచిన రోజున దాని చొంగలో వైరస్ లేనట్టే. అదీ అప్పుడైనా సూదులు ఆపి చూడమని కాదు, వేయించుకుంటూనే చూడమని.

మీ కర్రోడు కరిచినవాడు కాదు, కరిపించుకున్నవాడు. ఇక్కడ గడియారం అప్పుడే మొదలైంది. గాయంలో పడ్డ వైరస్ నరాల వెంట మెల్లగా మెదడు వైపు పోతుంది. కుక్కల్లో మామూలుగా మూడు వారాల నుంచి మూడు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు కూడా పడుతుంది. అన్ని రోజులూ కుక్క తింటుంది, తోక ఊపుతుంది, కావలి కాస్తుంది. పదకొండో రోజు గొలుసు విప్పేసి ‘ఏమీ కాలేదు’ అనుకుంటే, ముప్పయ్యో రోజునో నలభయ్యో రోజునో అది మీ ఇంట్లోనే ఎవరినో కరవచ్చు. పైగా మూతి మీది గాయం మెదడుకు దగ్గర. కాలి గాయం కన్నా నాకు ఆ మూతి గాయమే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

నీళ్లు తాగుతున్నాడని కూడా రాశారు. అందుకని భయం లేదనుకోకండి. నీళ్లను చూసి భయపడటం మనిషికి వచ్చే రేబిస్ లక్షణం. కుక్కకు ఆ భయం ఉండదు. పిచ్చి పట్టిన కుక్క నీళ్ల గిన్నెలో మూతి పెడుతుంది, గొంతు పనిచేయక మింగలేకపోతుంది, అంతే. ఈ ఒక్క అపోహ వల్ల ‘నీళ్లు తాగింది కదా’ అని ఆసుపత్రికి పోని కుటుంబాలను నేను చూశాను.

ఇక ఆ నక్క. పట్టపగలు, మనుషులున్న చోటికి, అదిలించినా ఆగకుండా వచ్చి, గంటలోపే పడి చచ్చిన నక్కను రేబిస్ నక్కగానే లెక్కవేయాలి. వేరే జబ్బు కావచ్చు, దెబ్బ తగిలి ఉండొచ్చు, కానీ ఆ ‘కావచ్చు’ మీద పిల్లవాడి ప్రాణం పెట్టలేం. అదృష్టం కలిసొచ్చినవాణ్ని నక్క తోక తొక్కాడంటాం. బెదరని నక్క కనిపిస్తే మాత్రం పిల్లల్ని లోపలికి పంపి, కుక్కను వెనక్కి పిలిచి, అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేయాలి. చచ్చిపోతే ఒట్టి చేతులతో ముట్టకుండా పశువైద్యుడికి చెబితే, తలను మంచులో పెట్టి వ్యాధి నిర్ధారణ ల్యాబ్‌కు పంపే ఏర్పాటు చేస్తారు. రేబిస్ ఖాయంగా తేలేది మెదడు పరీక్షలోనే. తల చితికిపోతే ఆ పరీక్ష కుదరదు, కాబట్టి తల మీద కొట్టకూడదు. మీరు పూడ్చేశారు, నాలుగు రోజులైంది, ఇప్పుడు తవ్వి లాభం లేదు. తవ్వొద్దు కూడా.

బాబు విషయానికి వస్తాను. మీరు ఫోన్‌లో పంపిన ఫొటో చూశాను. కాయలు ఒలిచీ ఒలిచీ గోళ్ల పక్కన చర్మం లేచిపోయి, రెండు వేళ్ల మీద ఎర్రగా చీలికలున్నాయి. ఆ చేతులతోనే కర్రోడి మూతి కడిగాడు. కుక్క రక్తం వల్ల రేబిస్ రాదు. కానీ ఆ గాయంలో నక్క చొంగ ఇంకా పచ్చిగానే ఉంది. పచ్చి చీలికకు గానీ, కంటికి గానీ, నోటికి గానీ చొంగ తగిలితే కరిచినట్టే లెక్క. చేతులకు ఏ గాయమూ లేకుండా ఉండి ఉంటే సబ్బుతో కడుక్కుంటే సరిపోయేది. బాబుకు సూదులు తప్పవన్నది అందుకే.

‘బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులా?’ అని మీ ఇంటావిడ ఫోన్‌లో కంగారుపడ్డారు. ఆ కాలం పోయిందమ్మా. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో రెండు భుజాల మీద చర్మంలోకి చిన్న సూది వేస్తారు. మొదటి రోజును సున్నాగా లెక్కపెట్టి 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు పోతే అయిపోతుంది. చర్మంలోకి కాకుండా కండలోకి వేసే చోట 0, 3, 7, 14, 28 రోజుల్లో అయిదుసార్లు. రెండూ మంచివే. గాయం దగ్గరే వేసే ఇంకో మందు, ఇమ్యూనోగ్లోబ్యులిన్, కావాలా వద్దా అన్నది డాక్టర్ చూసి చెబుతారు. మూడు సూదులయ్యాక ‘బాగానే ఉన్నాడు కదా’ అని 28వ రోజు మానేయకండి. నక్కను ఎత్తి గుంతలో వేసినప్పుడు మీ చేతులకూ ముల్లు గీతలున్నాయన్నారు. మీరూ చూపించుకోండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషిని బతికించే మందు లేదు. కరిచిన వెంటనే సక్రమంగా చేస్తే మాత్రం దాదాపు ప్రతి ప్రాణమూ దక్కుతుంది.

కర్రోడికి చిన్నప్పుడు వేసిన ఒక్క సూది రక్షణ ఇస్తుందన్న నమ్మకం పెట్టుకోలేం. ఏ సూదో కాగితం లేదు, ఏటా బూస్టర్ లేదు. కాబట్టి టీకా లేని కుక్కగానే చూడాలి. కరిచిన తర్వాత వేసే కోర్సు 0, 3, 7, 14, 28 రోజుల్లో అయిదు సూదులు. 90వ రోజు ఇంకొకటి వేయిస్తే మంచిది. కుక్క చిన్నదైనా పెద్దదైనా మోతాదు ఒకటే.

సున్నం మాత్రం ఇంకెప్పుడూ పెట్టకండి. సున్నం, కారం, పసరు గాయాన్ని కాల్చి చుట్టూ ఉన్న కండను దెబ్బతీస్తాయి, వైరస్‌ను చంపవు. దాన్ని చంపేది మామూలు బట్టల సబ్బు. వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు నురుగు ఆ పొరను కరిగిస్తుంది. పంపు కిందనో మోటారు దగ్గరో ధారగా నీళ్లు పోస్తూ 15 నిమిషాలు కడిగి, పైన అయోడిన్ మందు రాస్తే సగం పని అయినట్టే. మనిషికైనా కుక్కకైనా ఇదే పద్ధతి. కుక్కను కడిగేవాళ్లు చేతులకు గ్లౌజులో, లేకపోతే రెండు వరసల ప్లాస్టిక్ కవర్లో తొడుక్కోవాలి. ఆ పని పెద్దవాళ్లదే, పిల్లలది కాదు.

సూదులు వేయించినా కర్రోడిని విప్పకూడదు. కనీసం నాలుగు నెలలు, కుదిరితే ఆరు. గొలుసుతో కట్టి, చుట్టూ కంపో తడికో వేసి, పిల్లలు, ఎనుములు, వీధికుక్కలు దగ్గరికి రాకుండా చూడాలి. తాడు వద్దు, కొరికేస్తుంది. ఒక్క మనిషే తిండి పెట్టాలి, గిన్నెను కట్టెతో లోపలికి నెట్టాలి. అడవిపందుల కాలంలో కావలి కుక్కను నాలుగు నెలలు కట్టేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. టీకా లేని కుక్కను రేబిస్ జంతువు కరిస్తే, డాక్టర్ చేత నొప్పి లేకుండా నిద్రపుచ్చించడమే క్షేమమనే సలహా కూడా పశువైద్యంలో ఉంది. మీకు దాన్ని దాచను. అంత గట్టిగా కట్టి కాపాడుకునే వీలు లేని ఇంట్లో అదే సరైన దారి. మీకు వేరే కొట్టం ఉంది, చూసుకునే మనిషి ఉన్నారు, సూదులు మొదలయ్యాయి, కాబట్టి కాపాడుకునే దారి చెబుతున్నాను.

ఆ నెలల్లో కర్రోడి గొంతు మారితే వెంటనే పట్టించుకోండి. మొరుగుడు బొంగురుపోవడం, చీకటి మూలకు దూరడం, రాయినీ కట్టెనూ కొరకడం, కింది దవడ వేలాడి చొంగ కారడం, వెనక కాళ్లు తూలడం, వీటిలో ఏది కనిపించినా దగ్గరికి పోవద్దు. ‘ఎముక ఇరుక్కుందేమో’ అని నోట్లో చెయ్యి అసలే పెట్టొద్దు. పశువుల అంబులెన్స్ కోసం 1962కు ఫోన్ చేయండి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గేదెను చూడటానికి వెళ్లాను. చొంగ కారుస్తోంది, మేత మింగలేకపోతోంది, గొంతులో మామిడి టెంక ఇరుక్కుందని యజమాని గట్టి నమ్మకం. ఆయన అప్పటికే మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. నేనూ గ్లౌజు లేకుండానే పెట్టాను. టెంక లేదు. అది అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. గేదె అరుపులా లేదు, పగిలిన బూర ఊదినట్టు బొంగురుగా, ఆగి ఆగి వచ్చింది. మూడో రోజు చచ్చిపోయింది. మెదడు పరీక్షలో రేబిస్ అని తేలింది. నాతో కలిపి నలుగురం సూదులు వేయించుకున్నాం. నెలన్నర ముందు ఒక కుక్క దాని ముట్టె మీద కరిచిందన్న సంగతి అప్పుడు గుర్తుచేసుకున్నారు.

మీ పడ్డ ముక్కు మీది గీతను నేను తేలిగ్గా తీసుకోనిది అందుకే. తాడు గీతే కావచ్చు. అయినా కర్రోడితో పాటు దానికీ అవే అయిదు సూదులు వేయించండి. పాలిచ్చే ఎనుమును కాళ్ల మధ్య, పొదుగు పక్కన, చెవుల వెనక వెలుతురులో చేత్తో తడిమి చూడండి. చిన్న గాటు కనిపించినా, అనుమానం మిగిలినా దానికీ వేయించడమే మేలు. పాలు కాచి తాగితే రేబిస్ రాదు. పొదుగు దగ్గర నురగపాలు తాగే అలవాటు మాత్రం పిల్లలకు మాన్పించండి. పశువుకు లక్షణాలే కనిపిస్తే ఆ పాలు వాడొద్దు, పితకడానికీ పోవద్దు.

నక్కల మీద పగ పెంచుకోవద్దని కూడా చెప్పాలి. పొద్దుగూకాక గుట్ట మీద ఊళపెట్టే నక్క ఆరోగ్యమైన నక్కే. చేలో ఎలుకల్ని తిని శెనక్కాయకు మేలే చేస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇచ్చింది. విషం పెట్టడం, కరెంటు తీగలు కట్టడం నేరం, మీ ఎనుముకో పక్క చేని మనిషికో ప్రాణగండం. నక్క కొట్టం దాకా రాకుండా ఉండాలంటే అక్కడ దానికి తిండి దొరక్కూడదు. ఎనుము ఈనిన మాయను, చచ్చిన కోళ్లను గట్టు మీద పారేయకుండా లోతుగా పూడ్చండి.

మీ పల్లెలో ఇంకా చాలా కుక్కలున్నాయన్నారు. మూడు నెలల వయసులో ఒక సూది, మరో నెలకు ఒక బూస్టర్, తర్వాత ఏడాదికొకటి, కుక్కకు కావాల్సింది అంతే. కర్రోడికి ఇది అంది ఉంటే, ఇప్పుడు ఒక బూస్టర్ వేయించి 45 రోజులు కనిపెట్టుకుని ఉంటే సరిపోయేది. 1885 జులై 6న లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల పిల్లవాడికి మొదటిసారి ఈ టీకా ఇచ్చాడు. ఏటా ఆ తేదీన జరిపే జునోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు పశుసంవర్ధక శాఖ కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంది. జులై దాకా ఆగనక్కర్లేదు. కర్రోడి తర్వాతి సూదికి పోయినప్పుడు మీ పశువైద్యుణ్ని అడిగి, ఊరి కుక్కలన్నిటికీ ఒక రోజు పెట్టించుకోండి.

ఫోన్ పెట్టేసే ముందు మీ బాబు ‘సంక్రాంతికి కర్రోణ్ని విప్పొచ్చా సార్?’ అని అడిగాడు. సంక్రాంతికి వద్దు నాన్నా. అప్పటికి రెండు నెలలు దాటుతుంది అంతే. ఉగాది అయ్యాక, డాక్టర్ గారు ఒకసారి చూసి సరేనంటే, అప్పుడు నాన్నే విప్పుతాడు.