మాత్రను రేపటికి దాచుకోకు

చిరంజీవి నాన్నకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ పార్కిన్సన్ జబ్బు సంగతి పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి నువ్వే చెప్పావని మీ అమ్మ ఫోన్‌లో అంది. ఎంత గర్వంగా అనిపించిందో! ఆ వెంటనే ఇంకో రెండు మాటలు చెప్పింది. ఉద్యోగం ముందే వదిలేయడానికి వీఆర్‌ఎస్ కాగితం రాసి పెట్టుకున్నావట, పొద్దుటి మాత్ర సగం విరిచి వేసుకుంటున్నావట. అప్పట్నుంచి మనసు మనసులో లేదు.

ముందు మాత్ర సంగతి. "ఇప్పుడే వాడేస్తే పదేళ్ల తర్వాత పనిచేయదు" అని ఎవరు చెప్పారు నీకు? పార్కిన్సన్ ఉన్న ఇళ్లలో ఇది చాలా పాత పొరపాటు. నీ మాత్రలో ఉండే మందు లెవోడోపా, మెదడులో డోపమైన్‌గా మారి ఒంటిని కదిలేలా చేస్తుంది. ఇవాళ మిగిల్చుకున్నది రేపు అక్కరకు రాదు నాన్నా. ఏళ్లు గడిచేకొద్దీ మాత్ర ప్రభావం తొందరగా దిగిపోవడం నిజమే. దానికి అసలు కారణం జబ్బు ముదరడం. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గేకొద్దీ, అందిన మందును నిల్వ ఉంచుకునే చోటూ తగ్గిపోతుంది. ఘానాలో మందు దొరక్క ఏళ్ల తరబడి ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లనూ, ఇటలీలో ముందే మొదలుపెట్టినవాళ్లనూ పోల్చి 2014లో ఒక అధ్యయనం వచ్చింది. ఈ ఎగుడుదిగుళ్లు ఇరువైపులా జబ్బు మొదలైన దాదాపు అన్నేళ్లకే కనిపించాయి. ఆలస్యం చేసినవాళ్లకు మిగిలింది, మందు లేకుండా గడిపిన ఏళ్లే. డోసు మరీ పెరిగితే ఒళ్లు అదుపు లేకుండా మెలికలు తిరగడం కూడా ఉంది, అందుకే ఎంత వేసుకోవాలన్నది డాక్టరు లెక్క చూసి చెప్పాలి. నీ అంతట నువ్వు తగ్గించేది కాదు. సగం మాత్రతో అడుగు చిన్నదవుతుంది, నడక మానేస్తావు, కండ బిగుసుకుంటుంది, పడతావు. గబుక్కున పూర్తిగా మానేస్తే తీవ్రమైన జ్వరం, బిగుసుకుపోవడం, మతి తప్పడం కూడా రావచ్చు.

సీఆర్ అని ఉన్న మాత్ర మెల్లగా కరిగేది, దాన్ని నమలకు, పొడి చేయకు. దూలగొండి పొడి తెచ్చిస్తానని ఎవరన్నా అంటే వద్దను. అందులోనూ ఉండేది లెవోడోపానే, నీకు తెలియకుండానే డోసు పెరుగుతుంది. పెసరట్టు, గుడ్డు, పప్పులాంటి మాంసకృత్తులు మందును రక్తంలోకి సరిగ్గా చేరనివ్వవు, అందుకని తిండికి అరగంట ముందు వేసుకో. నిమ్స్‌కి వెళ్లే రోజు ఓపీ లైన్లోనే మాత్ర టైం దాటిపోతుంది. మాత్ర, నీళ్ల సీసా జేబుకీ చేతికీ దగ్గరగా ఉండాలి.

ఇక దిగులు. "రేపు మంచం పడితే పిల్లల గతేమిటి" అని ఏ వేళకు మొదలవుతోంది? ఇది మాత్రం తప్పకుండా చూసుకో. ఒక వారం పాటు నోటుబుక్కులో మూడు గీతలు గీసి రాయి: మాత్ర వేసుకున్న టైం, ఒళ్లు తేలికైన టైం, దిగులు కమ్ముకున్న టైం. తర్వాతి మాత్రకు ముప్పావుగంట ముందే రోజూ గుండె దడదడలాడుతుంటే అది చాలావరకు మందు దిగిపోవడం వల్లే, మాత్రల టైం సర్దితే తగ్గుతుంది. రోజంతా ఉంటే అది వేరు. ఈ జబ్బులో మనసును కుదురుగా ఉంచే సెరోటోనిన్ కూడా తగ్గుతుంది, దానికీ మందులున్నాయి. అది పిరికితనం అనుకుని డాక్టరు దగ్గర దాచావంటే మాత్రం నాకు కోపం వస్తుంది. చిన్నప్పుడూ అంతే, జ్వరమొస్తే దుప్పటి కింద దాక్కునేవాడివి!

వీఆర్‌ఎస్ కాగితం ఇప్పుడే ఇవ్వకు. డోసు కుదురుకోవడానికి నెలలు పడుతుంది, ఈలోగా నీ ఒంటి మీద నువ్వే తీర్పు చెప్పేసుకోకు. 2016 వికలాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్‌ను పేరు పెట్టి చేర్చింది. నీది ప్రభుత్వ ఉద్యోగం. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, చేయలేని పని అయితే అదే జీతంతో వేరే పోస్టు చూపించాలని అందులో ఉంది. వైకల్యం సర్టిఫికెట్ గురించి మీసేవలో అడుగు. బ్యాంకు ఖాతాలో అమ్మాయి పేరు కలిపించు, హెల్త్ ఇన్సూరెన్స్ ఒక్క ఏడాది కూడా తప్పనివ్వకు.

నడక మానకు. మలుపు దగ్గర కాలు మెలిపెట్టకుండా అర్ధచంద్రంలా తిరుగు. బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్డు ఈ వారమే వేయించు.

నాకు అన్నిటికన్నా భయమేసేది ఒకటుంది. అర్ధరాత్రి వాంతులయి ఏదో ఆస్పత్రికి తీసుకెళ్తే, అక్కడ నీ జబ్బు తెలియక వాంతులు ఆపే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ ఇచ్చేస్తారేమోనని. అది డోపమైన్‌కు అడ్డుపడుతుంది, నీ బిగువు బాగా పెరిగిపోతుంది. ప్రోక్లోర్‌పెరజిన్, హాలోపెరిడాల్ కూడా అంతే. ఈ మూడు పేర్లూ, నీ మాత్రల టైములూ ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఆధార్ కార్డుతో పాటు పర్సులో పెట్టుకో. ఆ చీటీని అమ్మాయి ఫోన్‌లో ఫొటో కూడా తీయించు. చేశాక నాకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ