పెరట్లో అమ్మానాన్నలకు కట్టే చిన్న ఇంటికి ర్యాంపు ఎంత పొడవు ఉండాలి?

నేల నుంచి గుమ్మం ఎన్ని అంగుళాల ఎత్తులో ఉంటే, ర్యాంపు కనీసం అన్ని అడుగుల పొడవుండాలి; అంటే 1:12 వాలు. అంతకంటే ఏటవాలుగా ఉంటే వీల్‌చైర్‌ను పైకి తోయడం కష్టం, దింపేటప్పుడు అదుపు తప్పుతుంది. వాకర్‌తో నడిచేవాళ్లు ముందుకు తూలిపోతారు.

ఉదాహరణకు గుమ్మం 18 అంగుళాల ఎత్తుంటే ర్యాంపు 18 అడుగులు కావాలి. చిన్న పెరట్లో అంత చోటెక్కడిది? అందుకే వాననీరు ఎటు పోతుందో చూసుకుని, పునాది దశలోనే ఎత్తు తగ్గించుకోవడం మేలు. 6 అంగుళాలైతే 6 అడుగులు చాలు.

బండి ఎక్కించే ర్యాంపే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. అది ఇంజన్ బలంతో ఎక్కే బండి కోసం కట్టింది. ర్యాంపు ఉంది కదా అని మెట్లు మానేయకండి. మోకాళ్ల నొప్పులున్న కొందరికి, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉంటే, తక్కువ ఎత్తు మెట్లే సుఖం.