పాత ఇల్లు, అయిదెకరాల బీడు, ఇరవై గొర్రెలు: ముందు ఏది?

పెద్దల నుంచి వచ్చిన పాత ఇల్లు, దాని చుట్టూ పదేళ్లుగా ఎవరూ ముట్టుకోని 5 ఎకరాల బీడు. 20 గొర్రెలు తెచ్చి రీజెనరేటివ్ పద్ధతిలో, అంటే నేల మళ్లీ కోలుకునేలా మందను తిప్పుతూ మేపాలి, ఖాళీ దొరికినప్పుడల్లా ఇల్లు సొంతంగా బాగు చేసుకోవాలి. ముందు ఏది మొదలుపెట్టాలి, ఎకరానికి ఎన్ని గొర్రెలు సరిపోతాయి అని అడిగారు. ఆరేళ్ల కిందట మేమూ అచ్చం ఇలాంటి చోటే మొదలుపెట్టాం కాబట్టి రాస్తున్నాను. నేను పశువైద్యుణ్ని కాను, మేస్త్రీని అసలే కాను.

ఎకరానికి ఎన్ని అనే లెక్కకు తర్వాత వద్దాం. ముందు తేల్చుకోవాల్సింది, ఒకసారి మేసిన చోటికి మంద మళ్లీ ఎన్నాళ్లకు వస్తుంది అన్నది. మొదటి ఏడాది మేం ఇది పట్టించుకోలేదు. బీడును రెండు ముక్కలు చేశాం. ఒకటి అయ్యాక రెండోది, రెండోది అయ్యాక మళ్లీ మొదటిది. చూసేవాళ్లకు తిప్పి మేపుతున్నట్టే కనిపించేది. కానీ గొర్రెకు నోటి రుచి ఎక్కువ. ఇష్టమైన గడ్డిని మొదటి రోజే కొరుకుతుంది. నాలుగైదు రోజుల్లో దానికి లేత చిగురు రాగానే, పక్కనున్న ముదురు గడ్డిని వదిలేసి వెనక్కి వచ్చి మళ్లీ ఆ చిగురునే కొరుకుతుంది. ఆ చిగురు వేళ్లలో, దుబ్బు మొదట్లో దాచుకున్న శక్తితో వచ్చింది. అది తిరిగి నిండకముందే రెండోసారి, మూడోసారి కాటు పడితే వేరు కురచబడి మొక్క చచ్చిపోతుంది. ఏడాది తిరిగేసరికి మా బీడులో మంచి గడ్డి పలచబడి, గొర్రె మూతి పెట్టని ముళ్ల కంపా, చేదు కలుపూ మిగిలాయి. ఫ్రాన్స్‌లో ఆండ్రే వాజాన్ అనే ఆయన 1950ల్లోనే తన పొలంలో ఆవుల్ని గమనిస్తూ ఈ సంగతి చెప్పాడు. పశువులు ఎన్ని అన్నదానికంటే, అవి ఒకచోట ఎన్ని రోజులు ఉన్నాయి, ఆ గడ్డికి ఎన్ని రోజుల విశ్రాంతి దొరికింది అన్నదే నేలను నిర్ణయిస్తుందని.

ఇప్పుడు లెక్క. గొర్రె రోజుకు తన బరువులో 3 నుంచి 4 శాతం మేత తింటుంది, అదీ నీరు తీసేసిన ఎండు లెక్కన. 40 కేజీల గొర్రెకు సుమారు 1.4 కేజీలు, పచ్చి గడ్డిగా చూస్తే 6 కేజీల దాకా. 20 గొర్రెలకు రోజుకు 28 కేజీల ఎండుమేత కావాలి. మోకాలి కిందిదాకా పెరిగిన ఓ మాదిరి బీడులో ఎకరానికి 600 కేజీలు ఉందనుకోండి. అందులో సగమే తిననిచ్చి, మిగతా సగం నేలమీద వదిలేయాలి. అంటే ఎకరం 10 రోజులకు వస్తుంది, ఎకరంలో మూడో వంతు 3 రోజులకు. ఇల్లు, దొడ్డి, బావి పోను మీకు 4 ఎకరాలు మిగిలితే అలాంటి మడులు 12 పడతాయి. 3 రోజుల చొప్పున తిరిగి మొదటి మడికి రావడానికి 36 రోజులు. వానలు బాగా ఉన్నప్పుడు అది చాలు. వానలు ఆగితే గడ్డి కోలుకోవడానికి 60 రోజులు, 90 రోజులు కూడా పడుతుంది. అప్పుడు మందను వేగంగా తిప్పారో, మా మొదటి ఏడాది కథే. ఎండు రోజుల్లో తిప్పడం నెమ్మదించాలి, మేత చాలకపోతే ఒకే మడిలో పెట్టి ఎండుగడ్డి వేయాలి, లేదా మందను తగ్గించాలి. అందుకే 20తో కాకుండా 10 లేదా 12తో మొదలుపెట్టమంటాను. మీ బీడులో ఎకరానికి 600 కేజీలు ఉందో, 300 ఉందో ఒక ఏడాది చూస్తే గానీ తెలియదు.

ఈ 3 రోజుల లెక్క గడ్డి కోసమే కాదు, పురుగుల కోసం కూడా. అది నేర్చుకోవడానికి మేం రెండు గొర్రెల్ని పోగొట్టుకున్నాం. ఒకరోజు పొద్దున్నే నీళ్ల తొట్టి దగ్గర ఒక గొర్రె దవడ కింద సంచిలా వేలాడుతోంది. వేలితో నొక్కితే సొట్ట పడి అలాగే ఉండిపోయింది. ఏదో కుట్టి వాచిందనుకున్నాను. పక్క పొలంలో ముప్పై ఏళ్లుగా మంద కాస్తున్న పెద్దాయన వచ్చి, వాపు వైపు చూడకుండా గొర్రె కనురెప్ప కిందికి లాగి, "బాబూ, ఇటు రా, ఇందులో రక్తం ఎక్కడుంది?" అన్నాడు. లోపలి పొర ఎర్రగా ఉండాల్సింది కాగితంలా తెల్లగా ఉంది. అది రక్తం పీల్చే పొట్ట పురుగు, శాస్త్రం పేరు హీమాంకస్. ఒక్కో పురుగు రోజుకు 0.05 మిల్లీలీటర్ల రక్తం లాగుతుంది. వినడానికి చుక్కే. 5,000 పురుగులుంటే రోజుకు పావు లీటరు.

ఆ పురుగు గుడ్లు పెంటికలతో నేలమీద పడతాయి. వెచ్చగా, తేమగా ఉంటే నాలుగైదు రోజుల నుంచి వారంలోపు పిల్ల పురుగులై, తేమను పట్టుకుని గడ్డి మొదలు పైకి పాకుతాయి. ఎక్కువ భాగం కింది రెండు అంగుళాల్లోనే ఉంటాయి. కాబట్టి మంద నాలుగో రోజుకల్లా ఆ మడి వదిలి వెళ్లిపోతే, తన పెంటలోంచి పుట్టినవాటిని తానే తినదు. గడ్డిని నాలుగు అంగుళాల కంటే కిందికి తిననివ్వకపోతే ఇంకా మంచిది. ఆ పిల్ల పురుగులు ఏమీ తినవు, ఒంట్లో ఉన్న శక్తితోనే బతుకుతాయి. వేడి ఎక్కువైతే ఆ శక్తి తొందరగా అయిపోయి చస్తాయి. 1990ల్లో టోంగా దీవుల్లో మేకల మీద ఇదే చేసి చూశారు. 10 మడులు, ఒక్కోదానిలో మూడున్నర రోజులు. వేడీ తేమా ఉన్న ఆ నేల మీద ఆ మాత్రం విరామమే పురుగుల్ని బాగా తగ్గించింది. చల్లని చోట్ల ఇవి నెలల తరబడి బతుకుతాయి, అక్కడ 36 రోజులు సరిపోవు.

ఇంకో తప్పు కూడా చేశాం, అది చాలామంది చేసేదే. భయపడి మంద మొత్తానికి మందు తాగించి, వెంటనే పచ్చగా ఉన్న కొత్త మడిలోకి తోలాం. తెలివైన పనిలా అనిపిస్తుంది. కానీ మందుకు చావని పురుగులు మాత్రమే గొర్రె కడుపులో మిగులుతాయి. శుభ్రమైన మడిలో పడేవి వాటి గుడ్లే. మళ్లీ మళ్లీ అలా చేస్తూ పోతే ఆ మందు ఇక మీ పొలంలో పనిచేయదు. ఇప్పుడు మేం రెండు వారాలకోసారి, ముసురు రోజుల్లో ఇంకా తరచుగా, ఒక్కో గొర్రె కనురెప్ప చూస్తాం. దక్షిణాఫ్రికాలో తయారైన ఫమాచా అనే అయిదు రంగుల కార్డు ఉంది. కనురెప్ప లోపలి రంగును దాంతో పోల్చి, 4, 5 నంబర్ల రంగు ఉన్నవాటికే, అంటే బాగా తెల్లబడినవాటికే మందు. మిగతావాటికి వేయం. ఎండ వెలుతురులో చూడాలి, లైటు కింద చూస్తే రంగు మోసం చేస్తుంది. ప్రతిసారీ అవే రెండు మూడు గొర్రెలు తెల్లబడుతుంటే వాటి పిల్లల్ని మందలో ఉంచుకోవద్దు. ఈ కార్డు రక్తం పీల్చే పురుగుకే గుర్తు. పారుడుకైనా, దగ్గుకైనా డాక్టర్‌కు చూపించాల్సిందే.

ఇన్ని మడులకు రాతి కంచె, ముళ్ల కంచె వేస్తే ఆస్తులు అమ్ముకోవాలి. కదిలించుకునే కరెంటు కంచె పెట్టుకోండి. ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్తాను: ఇంటి కరెంటు తీగను నేరుగా కంచెకు తగిలించవద్దు, మనుషులు చస్తారు. దాని కోసం తయారైన మెషిన్ క్షణకాలం కొట్టి ఆగుతుంది, అదే వాడాలి. మా మొదటి కంచెను గొర్రెలు రెండు రోజులు గౌరవించాయి, మూడో రోజు ఒక పొట్టేలు మెడ దూర్చి అవతలికి పోయింది, వెనకే మందంతా. మెషిన్ పాడైందని మార్చాం. అయినా అంతే. అసలు లోపం ఎర్తింగ్‌లో ఉంది. ఎండిన నేలలో ఒకే ఒక పొట్టి ఇనుప చువ్వ దించాం. 6 అడుగుల చువ్వలు మూడు, ఒకదానికొకటి 10 అడుగుల దూరంలో, తేమ ఉండే చోట దించాక పని చేసింది. ఉన్ని దట్టంగా ఉండే గొర్రెకు కంచె మీద కనీసం 4,000 వోల్టులు కావాలి, లేకపోతే దానికి తెలియనే తెలియదు. నేల బాగా ఎండే చోట ఒక తీగకు కరెంటు, పక్క తీగకు ఎర్త్ ఇస్తే ముక్కుకు రెండూ తగిలి షాక్ బాగా పడుతుంది. కొత్త గొర్రెల్ని ముందు గట్టి కంచె ఉన్న చిన్న దొడ్డిలో, లోపల కరెంటు తీగ కట్టి రెండు మూడు రోజులు అలవాటు చేయండి. కొమ్ములున్న పొట్టేళ్లు ఉంటే వలలాంటి కంచె వద్దు. కొమ్ములు ఇరుక్కుని షాక్ తింటూ చచ్చిన జీవాన్ని చూడటం నాకు ఒక్కసారి చాలు.

పాత దొడ్లలో దొరికే వస్తువులతో జాగ్రత్త. మా కొట్టంలో మూల గోనెసంచిలో నీలం గడ్డలు దొరికాయి, మైలుతుత్తం. గిట్టలు కుళ్లితే ఆ నీళ్లలో నడిపించమని ఒకరు సలహా ఇచ్చారు. డాక్టర్ ఆపకపోతే అదే చేసేవాణ్ని. గొర్రెకు రాగి పడదు. కొద్దికొద్దిగా కాలేయంలో పేరుకుంటుంది, నెలల తరబడి ఏమీ తెలియదు, ఒకరోజు ఎండకో ప్రయాణానికో ఒత్తిడి పడగానే ఒక్కసారిగా రక్తంలోకి దిగి ఒళ్లు పచ్చబడి, ఎర్రటి మూత్రం పోసి చచ్చిపోతుంది. కాళ్లు ముంచిన నీళ్లు అవి తాగవని హామీ ఏముంది? గిట్టలకు జింక్ సల్ఫేట్ వాడండి, 10 లీటర్ల నీళ్లకు 1 కేజీ. ఆవుల కోసం అమ్మే మినరల్ మిక్స్, నాకుడు ఇటుక కూడా ఇదే కారణంతో గొర్రెలకు పెట్టకూడదు. పాత తలుపు చెక్కలతో మేత తొట్టి చేద్దామని మాకు భలే ఆలోచన వచ్చింది. పాత పెయింట్లలో సీసం ఉండేది. పెచ్చులు లేచిన రంగును గొర్రెపిల్లలు నాకుతాయి. ఆ చెక్కలు ఇప్పుడు కొట్టం తలుపులయ్యాయి, రంగు తడిపి గీకాకే. పొడిగా రుద్దకండి, కాల్చకండి.

ఇంటి విషయంలో నా సలహా చిన్నదే. మొదటి ఏడాది కప్పు, చూరు, నీటి దారి తప్ప ఇంకేమీ ముట్టుకోకండి. ఒక వాన పూర్తిగా పడనిచ్చి గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ తిరగండి. చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, గోడ ఎంత ఎత్తుదాకా తడుస్తోంది చూడండి. దూలాల చివర్లు గోడలో దూరే చోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి. కసుక్కున దిగితే చెదో, కుళ్లో పట్టినట్టే, ఖణేల్మంటే భయం లేదు. పాత బావిని బాగు చేద్దామని మాత్రం లోపలికి దిగకండి, అడుగున ఊపిరాడని గాలి నిలిచి ఉండొచ్చు. ఆ పని తెలిసినవాళ్లతోనే చేయించండి.

మా ఇంటి వెనక గోడ అడుగున ఎప్పుడూ చెమ్మ, తెల్లగా ఉప్పు. దాన్ని దాచడానికి ఎవరో ముందే సిమెంటు పూసి ఉన్నారు. మట్టీ, సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక పైకి పాకుతుంది. సిమెంటు చెక్కేశాక అసలు విషయం తెలిసింది. ఒకప్పుడు ఆ గోడకు ఆనించే పెంటకుప్ప వేసేవాళ్లట. పెంటలోంచి దిగిన లవణాలు రాళ్లలోకి ఇంకిపోయాయి. మట్టిని అడుగు లోతు తీసి, గోడ వెంట కంకర కాలువ వేసి, ఒక ఎండాకాలమంతా గోడను అలాగే ఆరనిచ్చాం. తర్వాత సున్నం, ఇసుక 1:3 పాళ్లలో కలిపి పూశాను. రాతి సున్నం తడిపేటప్పుడు నీళ్లలో సున్నం వేయాలి, సున్నం మీద నీళ్లు పోస్తే ఎగిరి కళ్లలో పడుతుంది, కళ్లను కప్పే రక్షణ అద్దాలు తప్పనిసరి. మొదటి గోడకు మండుటెండలో, ఒకేసారి అంగుళం మందం పూశాను. సాయంత్రానికల్లా నెర్రెలు. రెండోసారి గోడ బాగా తడిపి, అర అంగుళానికి మించకుండా రెండు పొరలుగా పూసి, రెండు వారాలు తడి గోనెపట్టాలు వేలాడదీసి ఉంచాం. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది, దానికి తేమ కావాలి, తొందరపడితే పొడిపొడిగా రాలిపోతుంది. ఈసారి నిలబడింది. పెంటకుప్ప ఇప్పుడు ఇంటికి దూరంగా పోయింది.

గొర్రెలు దిగే రోజుకు ఒక చిన్న దొడ్డి విడిగా సిద్ధం చేసి పెట్టుకోండి, ఆ 12 మడుల్లో దేనికీ ఆనకుండా. కొన్న గొర్రెలు మూడు వారాలు అందులోనే ఉండాలి, ఇవే మీ మొదటి గొర్రెలైనా సరే. గిట్టలు చూడండి, కనురెప్పలు చూడండి. డాక్టర్‌తో మాట్లాడి, వేరే వేరే రకాలవి రెండు పురుగు మందులు ఒకే రోజు తాగించండి, రెండు వారాల తర్వాత పేడ పరీక్ష చేయించి గుడ్లు లేవని తేలాకే వదలండి. ఆ దొడ్డి పెంటను మడుల్లో చల్లకండి. మీ నేల ఎలాంటిదో, ఎండు రోజుల్లో బావిలో నీళ్లు ఎంత ఉంటాయో కింద రాస్తే తొట్లు ఏ మూల పెట్టాలో, మడులు ఎలా కోయాలో లెక్క వేసి చెప్తాను.