తమ్ముడు ఉంచిన చోటు

గాజువాక నుంచి 36 ఏళ్ల పాఠకుడి ఉత్తరం, క్లుప్తంగా: ‘ఆరేళ్లుగా మా ఊరి కుర్రాళ్ల బ్యాండ్ ఒకదానికి నేను అభిమానిని. నలుగురే ఉండేవారు. బీచ్ రోడ్డులో, సిరిపురం కాఫీ షాపుల్లో, చవితి పందిళ్లలో వాయించేవారు. సంక్రాంతి తర్వాత విడిపోయారు. డ్రమ్స్ అబ్బాయి ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లాడు, పాడే అబ్బాయి పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో చేరాడు. అప్పటినుంచి దేనిమీదా మనసు నిలవడం లేదు. మా ఆవిడ నవ్వుతోంది. వాళ్లను మళ్లీ కలపడానికి నేనేమైనా చేయొచ్చా?’

చేయొద్దు. కాఫీ షాపువాళ్లు ఇచ్చింది నలుగురు పంచుకుంటే గిటార్ తీగలకూ పెట్రోలుకూ చాలదు. ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తుంటే ఎన్నాళ్లని అలా తిరుగుతారు? బీటిల్స్ అంతటివాళ్లే 1970లో ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. ఫోన్‌లో వాళ్ల పాటలుంటే వినండి, ఏడుపొస్తే ఏడవండి. మీ ఆవిడ మీద మాత్రం కోపం పెట్టుకోకండి.

మీరు రాసింది నాలుగు పేజీలు. అందులో తమ్ముడి గురించి ఆరు లైన్లు. నేను మూడుసార్లు చదివింది ఆ ఆరు లైన్లే. ఇల్లు పంచుకున్నాక మూడేళ్లుగా మీ ఇద్దరికీ మాటల్లేవు. అయినా బ్యాండ్ ఉన్న ప్రతి ఆదివారం సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర గట్టు మీద అతను ముందే వచ్చి, పక్కన హెల్మెట్ పెట్టుకుని కూర్చునేవాడు. మీరు రాగానే దాన్ని తీసి ఒళ్లో పెట్టుకునేవాడు. ముంత మసాలా రెండు పొట్లాలు తెచ్చి ఒకటి మీవైపు జరిపేవాడు, ఉల్లిపాయ లేకుండా, మీకు పడదని. పాటలయ్యాక ఒకరు గాజువాకకి, ఒకరు మధురవాడకి. ఇదంతా రాసి, బాధ బ్యాండ్ కోసమే అంటే నేను నమ్మను బాబూ. మాటల్లేకుండానే పక్కపక్కన కూర్చోవడానికి మీకు మిగిలిన ఒక్క వంకా పోయింది.

‘తప్పు తమ్ముడిది, వాడే ముందు మాట్లాడాలి, నాకూ ఆత్మాభిమానం ఉంది’ అన్నారు. మూడేళ్లు హెల్మెట్ పెట్టి పిలిచాడు కదా, ఇంకెలా పిలవాలి? పెద్దకొడుకుగా నాన్నగారికి తలకొరివి పెట్టింది మీరు. పెద్దవాణ్ణని రోడ్డువైపు దుకాణం గది తీసుకున్నదీ మీరే. ఆ పెద్దరికం ఇప్పుడేమైంది?

ఇంకోమాట. తమ్ముడు మధురవాడలో ఉంటున్నా, నాన్నగారి ఇంట్లో కింది భాగం మీకు, పై భాగం అతనికి అని రెండు వాటాలు వేసుకున్నారు. ఇల్లు నాన్నగారి స్వార్జితం, వీలునామా లేదు, అక్కచెల్లెళ్లు లేరు అని మీరే రాశారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అక్కడ ఉన్నవి మూడు సమాన వాటాలు. మూడోది అమ్మగారిది. ఆవిడ నోరు తెరిచి అడగలేదు కాబట్టి ఇద్దరికీ గుర్తు రాలేదు. ఇప్పుడేమో ప్రతి ఒకటో తారీకునా బీపీ మాత్రల సంచి పట్టుకుని, సిటీ బస్సులో ఈ కొడుకింటి నుంచి ఆ కొడుకింటికి. చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. మీరిద్దరూ ఒకరి మీద ఒకరు అలిగారు, అలగాల్సిన మనిషి బస్సు ఎక్కుతోంది.

తమ్ముడికి మెసేజ్ పెట్టకండి, ఫోన్ చేయండి. గది సంగతి మొదటిరోజే ఎత్తొద్దు. నాలుగు వారాలు పోయాక అమ్మగారిని కూర్చోబెట్టుకుని, వకీలు దగ్గర వాటాలు సరిగ్గా రాయించి, రిజిస్టర్ చేయించుకోండి. దుకాణం అద్దెలో అతనికి రావలసింది ఉంటే బేరమాడకుండా ఇచ్చేయండి.

ఈ ఆదివారం గట్టు దగ్గరికి మీరే ముందు వెళ్లండి. ముంత మసాలా కూడా మీరే కట్టించండి. అతను ఉల్లిపాయ వేయించుకుంటాడో లేదో మాత్రం మీ నాలుగు పేజీల్లో నాకెక్కడా కనబడలేదు.