చందా అడగకండి, చదివింపులు రాయించండి

ప్రశ్న: "మా మండల కేంద్రంలో చిన్న కళాకేంద్రం నడుపుతున్నాం. విరాళాలు రావడం లేదు. ఉచితంగా పని చేస్తామని వచ్చినవాళ్లు నాలుగు నెలలకే కనిపించకుండా పోతున్నారు. జూలైలో నిధుల కోసం ఒక కార్యక్రమం పెట్టాలనుకుంటున్నాం. ఎలా చేస్తే బాగుంటుంది?"

ముఖ్య అతిథిని పిలవకండి. నా సమాధానంలో సగం ఇదే, తక్కినది వివరణ.

నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక చిన్న పట్టణంలో నాకు మందుల దుకాణం ఉంది. రాత్రి షట్టరు దించాక మా కళాకేంద్రం లెక్కలు రాయడం ఏళ్లుగా నా పని. కేంద్రం అనగానే గొప్పగా ఊహించుకోవద్దు. అది మూతపడిన పల్లి మిల్లు గోదాము. అందులో పిల్లలకు డప్పు, కోలాటం, హార్మోనియం నేర్పిస్తాం, సెలవు రోజుల్లో బొమ్మలు వేయిస్తాం. నెలకోసారి చుట్టుపక్కల ఊళ్ల కళాకారుల ప్రదర్శన ఉంటుంది. మిల్లు పోయి ఎంతకాలమైనా గోడలకు పల్లి పొట్టు వాసన పోలేదు. వాన పడితే ఆ వాసన ఇంకా ఎక్కువ. రేకులు కారేవి కాబట్టి మాకు వాన అంటేనే భయం. మద్దెలలు, డప్పులు తోలువి. తడిస్తే శ్రుతి పోతుంది, మళ్లీ ఎండబెట్టి మూతలు బిగించడానికి డబ్బు కావాలి.

రేకులు మార్పించాలి. ఆ ఖర్చు కోసం మొదట అందరూ చేసేదే మేమూ చేశాం. పెద్ద సభ పెట్టాం. ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో పైన, ఎవరిది కింద అన్న చర్చ కార్యవర్గంలో రేకుల చర్చ కన్నా ఎక్కువసేపు సాగింది. వేదిక మీద కూర్చున్నవారికి శాలువాలు, పూలగుత్తులు, జ్ఞాపికలు. ఒక్కొక్కరు "రెండు మాటలు" మాట్లాడారు. ఆ రెండు మాటలు అయ్యేసరికి పిల్లలు నిద్రపోయారు, ఆడవాళ్లు లేచి ఇళ్లకు వెళ్లారు. ముఖాలకు అర్దళం పూసుకుని, కిరీటాలు ఒళ్లో పెట్టుకుని కళాకారులు తెర వెనుక చెమటలు కక్కారు. మైకు రాత్రి పదింటికి ఆపాలి కదా, ఆట అరగంటలో ముగిసింది. లెక్క చూస్తే వచ్చిన విరాళాల్లో పెద్ద భాగం శాలువాలకూ టెంటుకూ పోయింది. వేదిక మీద ప్రకటించిన పెద్ద మొత్తాల్లో చాలావరకు ప్రకటనల దగ్గరే ఆగిపోయాయి. నా అనుభవంలో మైకులో చెప్పిన విరాళం ఎంత పెద్దదో, అది చేతికి రావడం అంత ఆలస్యం. ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

ఆ తరువాతి వేసవిలో సభ మాట ఎత్తనివ్వలేదు. చిందు బాగోతం ఆడే ఒక పెద్దాయన మా దగ్గర పిల్లలకు తాళం నేర్పేవాడు. "సార్, మీరు ఊరికే ఉండండి, ఆట నడుమ నేను అడుగుతాను" అన్నాడు. మా తాతల కాలం నుంచీ ఆట ఆడే మేళాలు బతికింది అలాగే కదా. మంచి ఘట్టంలో కథ ఆపి, ఎవరు ఎంత చదివించారో పేరు పెట్టి దీవించి, మళ్లీ కథలోకి వెళ్లడం. పెళ్లిలో పుస్తకం పట్టుకుని కట్నాలు రాసేవాళ్లను చూస్తూనే పెరిగాం. మరి కళాకేంద్రం పెట్టగానే ఇదంతా మరిచిపోయి "గౌరవనీయులైన దాతలకు విజ్ఞప్తి" అని కరపత్రం ఎందుకు అచ్చు వేయిస్తామో నాకు అర్థం కాదు.

వేదిక లేదు. గోదాము ముందు వాకిట్లో ఆట. కుర్చీలు ముసలివాళ్లకే, మిగతా అందరూ చాపల మీదే. రాక్షసుడు కత్తి దూసిన చోట పెద్దాయన చెయ్యెత్తి తాళం ఆపించాడు. రాక్షసుడు కత్తి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "ఈయన కత్తి దించాలంటే రేకులు పడాలి" అన్నాడు పెద్దాయన. జనం నవ్వారు. నేను పుస్తకం తీశాను.

మొదట బస్టాండు దగ్గరి హోటలాయన 116 రాయించాడు. "ఆయన ఇడ్లీ మెత్తగా ఉండాలి, చట్నీ నీళ్లగా ఉండకూడదు" అని దీవెన. చట్నీ సంగతి ఊరందరికీ తెలుసు. హోటలాయన సిగ్గుపడి దానిని 516 చేశాడు. ఎదురు హోటలాయన ఊరుకుంటాడా! 1,116. ఆయనకూ ఒక దీవెన పడింది. ఎరువుల దుకాణం, బట్టల దుకాణం, బడి పంతులు వరుసగా వచ్చారు. ఇంతలో వెనుక చాప మీద నుంచి ఒక మేస్త్రి లేచాడు. పుణెలో ఏళ్ల తరబడి కట్టడాల మీద పనిచేసి తిరిగొచ్చినవాడు. పాలమూరు కూలీ అని దేశమంతా పిలిచేది ఇలాంటివాళ్లనే.

"నా దగ్గర ఇప్పుడు పైసలు లేవు తాతా. రెండు రోజుల పని రాసుకో" అన్నాడు.

పెద్దాయన ఒక్క క్షణం ఆగి, తాళం వేయించి, గొంతెత్తాడు. "పైసలు లేవట! చేతులున్నాయట! రెండు రోజుల మేస్త్రి పని!" అంతవరకూ ఎవరికీ పడనన్ని చప్పట్లు పడ్డాయి. ఆ తరువాత నా పుస్తకంలో రూపాయల గీత దాటి రాత సాగింది. ఒక ట్రాక్టరు ఇసుక. వెల్డింగు పని, కరెంటు మాత్రం మనదే. ఆరు సిమెంటు సంచులు, అందులో ఒకటి కొంచెం గడ్డకట్టిందని ఆయనే చెప్పాడు. పాత ఫ్యాను. పని జరిగిన రోజుల్లో అందరికీ అన్నం, పప్పు వండిపెడతామని కోలాటం నేర్చుకునే పిల్లల తల్లులు. బట్టలు కుట్టే ఒకామె, "వేషాల బట్టలన్నీ నాకు ఇవ్వండి, చిరుగులు నేను చూసుకుంటాను" అంది. ఆమె ఇప్పటికీ చూసుకుంటూనే ఉంది.

ఆ రోజు ఒక పెద్దమనిషి కూడా వచ్చాడు. ఎన్నికల్లో నిలబడాలని ఆశ ఉన్నవాడు. పది వేలు అని మైకు కోసం చెయ్యి చాచాడు. పెద్దాయన మైకు ఇవ్వలేదు. ఆయన పేరు కూడా మిగతా పేర్ల వరుసలోనే, సిమెంటు సంచులకూ పాత ఫ్యానుకూ మధ్యలో చదివాడు. పెద్దమనిషి ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు, పది వేలు కూడా ఆయన వెంటే వెళ్లాయి. కార్యవర్గంలో ఇద్దరు నన్ను తప్పుపట్టారు. వాళ్లకు నేను ఇచ్చిన జవాబు ఇక్కడ రాయలేను. మేస్త్రి మాత్రం చెప్పిన ఆదివారం పొద్దున్నే తాపీ, గమేళా పట్టుకుని వచ్చాడు. పగిలిన రేకులు తీసి కొత్తవి వేశారు, జే బోల్టులు, వాషర్లు అన్నీ మార్చారు, గోడ మీద పగుళ్లు పూడ్చారు.

ఇక వచ్చినవాళ్లు ఎందుకు మాయమవుతున్నారని అడిగారు. నాకు తెలిసి కారణం ఒక్కటే. వాళ్లకు పని ఇవ్వరు, "సేవ" ఇస్తారు. "వచ్చి సహాయం చేయండి" అంటే ఏం చేయాలో తెలియక గోడకు ఆనుకుని నిలబడతారు, ఫొటో దిగుతారు, వెళ్లిపోతారు. కళాశాల నుంచి సర్టిఫికెట్ కోసం వచ్చిన పిల్లలు మా దగ్గరా ఇదే చేశారు. వాళ్లను తిట్టడం తేలిక. అందులో ఒక అబ్బాయికి గోదాము తాళంచెవి ఇచ్చి, సాయంత్రం ఐదింటికి తెరవడం నీ బాధ్యత అన్నాను. అతడు తెరవకపోతే పిల్లలు బయట నిలబడాలి. ఒకసారి నిలబడ్డారు కూడా. తల్లులు అతడి ఇంటికే వెళ్లి అడిగారు. ఆ తరువాత ఎప్పుడూ ఆలస్యం కాలేదు. ఇప్పుడు ఉద్యోగం వచ్చి హైదరాబాదులో ఉంటున్నాడు, సెలవుకు వస్తే ముందు తాళంచెవి ఎవరి దగ్గర ఉందని అడుగుతాడు. మీరూ ఒక్కొక్కరికి ఒక్కొక్క వస్తువు అప్పగించండి. తాళంచెవి, రసీదు పుస్తకం, టీ ఫ్లాస్కు, మైకు పెట్టె. వాట్సాప్ బృందం మాత్రం పెట్టకండి. మా బృందంలో శుభోదయాలే తప్ప పనికొచ్చే మాట ఒక్కటీ నేను చూడలేదు.

ఉచితంగా పనిచేసేవాళ్ల గురించి ఇంత చెప్పాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. కుర్చీలు వేసేవాళ్లు ఉచితం, కళాకారులు కాదు. 2022లో 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు పద్మశ్రీ వచ్చింది. ఆయనది మా జిల్లాలోని అవుసలికుంట. 2024లో బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు వచ్చింది, ఆయనది నారాయణపేట జిల్లా దామరగిద్ద. వార్త వచ్చిన ప్రతిసారీ మాకు ఫోన్లే ఫోన్లు. మీకు తెలిసిన కిన్నెర కళాకారులు ఎవరైనా ఉంటే మా కార్యక్రమానికి పంపండి అని. ఎంత ఇస్తారని నేను అడుగుతాను. "ఘనంగా సన్మానం చేస్తాం" అంటారు. శాలువా కప్పుకుని అచ్చంపేట నుంచి హైదరాబాదుకు బస్సు ఎక్కితే కండక్టరు టికెట్టు అడగడా? పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథను తెల్లవార్లూ పాడగలిగిన మనిషి ఆ రోజు కూలి వదులుకుని వస్తాడు. మా నియమం ఇది: సేకరించిన డబ్బులో మొదట కళాకారుల కూలి, దారి ఖర్చులు తీసి పక్కన పెడతాం. రేకులైనా, అద్దె అయినా ఆ తరువాతే. ఇది నచ్చక కార్యవర్గం నుంచి తప్పుకున్నవాళ్లున్నారు. మంచిదే.

కాగితాల సంగతి కూడా అడిగేవాళ్లుంటారు కాబట్టి త్వరగా చెబుతాను. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించుకోండి, కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురిలో సంతకం కోసం దొరకనివాళ్లను పెట్టుకోకండి. ఆదాయపు పన్నులో విరాళాలకు ఇచ్చే మినహాయింపు (80జి అని పిలిచేది) కోసం దాత అడిగితే, 2,000 రూపాయలకు మించిన నగదుకు అది వర్తించదని ముందే చెప్పండి, చెక్కు గానీ ఫోను ద్వారా గానీ పంపమనండి. ఇక షాద్‌నగర్, జడ్చర్ల వైపు ఇన్ని ఫ్యాక్టరీలున్నాయి కదా, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు తెచ్చుకోవచ్చు కదా అని ప్రతి సమావేశంలో ఎవరో ఒకరు అంటారు. నిజమే, 2013 కంపెనీల చట్టంలో లాభాల సగటులో 2 శాతం అలా ఖర్చు చేయాలని ఉంది, కళలూ ఆ జాబితాలో ఉన్నాయి. కానీ అది పెద్ద కంపెనీలకే వర్తిస్తుంది, తీసుకునే సంస్థకు 2021 నుంచి వేరే నమోదు కావాలి, మూడేళ్ల పని అనుభవం చూపాలి. పైగా డప్పు నేర్చుకుంటే పిల్లవాడిలో వచ్చిన మార్పును అంకెల్లో చూపమంటారు. డప్పు నేర్చుకున్న పిల్లవాడిలో వచ్చిన మార్పు ఏమిటంటే వాడు ఇంట్లో గిన్నెలు వాయిస్తాడు. దీన్ని ఏ గడిలో రాయాలి? ఆ దరఖాస్తుల మీద పెట్టే సాయంత్రాలు చదివింపుల పుస్తకం మీద పెట్టండి.

కరెంటు మీటరు మాత్రం మొదటి రోజే చూసుకోండి. గోదాము కదా అని మాకు వాణిజ్య కేటగిరీ బిల్లు వేశారు. పాత మిల్లు పేరు మీదే మీటరు ఉండిపోయింది. మార్పించుకోవడానికి తిరిగిన కాళ్ల నొప్పికి మా దుకాణంలో మందు లేదు.

మీ జూలై ఆలోచన దగ్గరికి వస్తాను. వద్దు. జూలైలో రైతు చేతిలో డబ్బు ఉండదు, విత్తనాలకూ ఎరువులకూ అతడే అప్పు చేస్తుంటాడు. రైతు కొనకపోతే దుకాణాల్లో గల్లాపెట్టె కదలదు. పైగా ఆరుబయట ఆట, పైన వాన. పత్తి అమ్ముడై, యాసంగి పల్లి మార్కెట్టుకు వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పెట్టుకోండి. మీది మహబూబ్‌నగర్ వైపు అయితే మన్యంకొండ జాతర రోజులు తప్పించండి, ఆ రోజుల్లో మీ ఆటకు ఎవరూ రారు. వలస వెళ్లినవాళ్లు కూడా కావాలనుకుంటే దసరా మంచిది, పీర్ల పండుగకూ చాలామంది ఊళ్లోనే ఉంటారు. అయితే వాళ్ల దగ్గర డబ్బు అడగకండి, పని రాయించండి. ఏ నెలలో పెట్టినా ముసలివాళ్ల కోసం కుర్చీలు ముందే అద్దెకు చెప్పుకోండి. పెళ్లిళ్ల ముహూర్తాలు ఉంటే టెంటు హౌసువాళ్లు ఫోను కూడా ఎత్తరు.