క్రిములను చంపితే సోరియాసిస్ తగ్గుతుందా?

పొలుసులు లేచే చర్మవ్యాధి సోరియాసిస్ ఉన్నవారి చర్మం మీద బ్యాక్టీరియా వేరుగా ఉంటాయట కదా, వాటిని చంపే సబ్బు వాడితే జబ్బు తగ్గుతుందా అని అడిగారు. వేరుగా ఉంటాయన్న మాట నిజమే. తగ్గుతుందన్న ఆశతో నేను పడిన బాధ ముందు చెబుతాను.

నాకు ఈ జబ్బు పన్నెండేళ్ళుగా ఉంది. మొదట్లో ఇది ఏదో క్రిమి వల్ల వచ్చిందని నమ్మి, రెండుపూటలా స్నానపు నీళ్ళలో యాంటీసెప్టిక్ ద్రావణం కలిపి, మోచేతి మీది మచ్చను పీచుతో ఎర్రబడేదాకా రుద్దేదాన్ని. అభ్రకపు రేకుల్లాంటి పొలుసులు ఊడిపోయి, కింద సూదితో పొడిచినట్టు నెత్తురు చుక్కలు కనిపించేవి, శుభ్రపడుతోందని సంతోషించేదాన్ని. మూడో వారానికి, పీచు గీరుకుపోయిన చోట, మణికట్టు వైపు తిన్నగా గీత గీసినట్టు కొత్త పొలుసులు లేచాయి. చర్మవైద్యురాలు ఆ గీత వెంబడి వేలు నడిపి, "ఇక్కడ ఎన్నాళ్ళుగా రుద్దుతున్నారండీ?" అని అడిగారు. గాయమైన చోట సోరియాసిస్ మొలుస్తుందని 19వ శతాబ్దంలోనే కోబ్నర్ అనే జర్మన్ వైద్యుడు గుర్తించారని ఆవిడే చెప్పారు.

ఆరోగ్యమైన చర్మం మీద, ముఖ్యంగా నూనె గ్రంథుల దగ్గర, క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా కాపురముంటుంది. అది జిడ్డును కొవ్వు ఆమ్లాలుగా విడగొట్టి చర్మపు ఆమ్లగుణాన్ని కాపాడుతుంది. సోరియాసిస్ మచ్చల మీద ఇది తగ్గినట్టు, స్ట్రెప్టోకాకస్, స్టెఫైలోకాకస్ జాతులు పెరిగినట్టు పలు పరిశోధనల్లో కనిపించింది. మొత్తం మీద బ్యాక్టీరియా రకాలు తగ్గాయని కొందరు, పెరిగాయని కొందరు తేల్చారు. నాకైతే ఇందులో వింతేమీ కనిపించదు. అడుగున పుట్టి పైకి చేరడానికి మామూలుగా నెల రోజులు పట్టే చర్మకణాల ప్రయాణం వారం తిరక్కుండానే ముగిసి పొలుసులు రాలిపోతుంటే, రోజూ దున్నుతున్న పొలంలో మొక్క నిలవనట్టే, పాత కాపురాలు అక్కడ నిలవలేవు.

పైగా ఈ చర్మానికి క్రిమినాశకాల కొరత లేదు. బీటా డిఫెన్సిన్-2 అనే సహజ క్రిమినాశకాన్ని 1997లో శాస్త్రవేత్తలు వేరుచేసింది సోరియాసిస్ రోగుల పొలుసుల నుంచే. ఎగ్జిమా అనే దురద చర్మవ్యాధికి పట్టినంత సులువుగా ఈ మచ్చలకు చీము పట్టకపోవడానికి ఇలాంటి పదార్థాలే కారణం. అయినా అంటుకుంటుందేమోనని చెయ్యి కలపడానికి వెనుకాడేవారిని చూస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది, ఇంకా శుభ్రంగా ఉండమని సలహా ఇచ్చేవారిని చూస్తే కోపం వస్తుంది.

బ్యాక్టీరియాను నేరుగా అనుమానించాల్సిన చోటు ఒకటుంది, అది గొంతు. స్ట్రెప్టోకాకస్ వల్ల గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు, ముఖ్యంగా పిల్లల్లో, యువతలో, ఒంటి మీద నీటిబొట్లంత మచ్చలు వేసే గట్టేట్ సోరియాసిస్ రావచ్చు. అలాంటప్పుడు సబ్బు మార్చడం మాని, వైద్యునికి గొంతు చూపించండి.

ఇప్పుడు నేను వైద్యురాలు రాసిన మందుతో పాటు గోరువెచ్చని నీళ్ళు, వాసన లేని సబ్బు వాడి, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాసుకుంటున్నాను. మణికట్టు మీది ఆ గీత చెరిగిపోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.